క్యూబా సిగార్ అసలుదా, నకిలీదా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఊరు. బ్యారన్ (ఆకు ఆరబెట్టే గది) పక్కన ఆకు గ్రేడింగ్ చేస్తుంటే చూస్తూ పెరిగాను. కొన్నేళ్ల క్రితం మా బావగారు హవానా వెళ్లి, ఎంతో ప్రేమగా కొహిబా అనే ఖరీదైన క్యూబా సిగార్ల పెట్టె ఒకటి తెచ్చారు. అది నకిలీదని తేలింది. ఆయన ముఖం చిన్నబోయిన ఆ సాయంత్రం నుంచి ఈ విషయం పట్టుకుని నేర్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు దుబాయ్ నుంచి, డల్లాస్ నుంచి, హైదరాబాద్ నుంచి తెలిసినవాళ్లు పెట్టెల ఫొటోలు వాట్సాప్‌లో పంపి "ఇది ఒరిజినలేనా?" అని అడుగుతుంటారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను.

అసలు "క్యూబా సిగార్" అని దేన్ని అనాలి?

ఆకు క్యూబాలో పండాలి, అక్కడే చుట్టాలి, అక్కడి నుంచి హబానోస్ ఎస్.ఏ. అనే సంస్థ ద్వారానే బయటికి రావాలి. ఈ సంస్థ 1994లో ఏర్పడింది. కొహిబా, మోంతెక్రిస్తో, పార్తగాస్, రోమియో ఇ జూలియెతా, ఓయో దె మోంతెర్రేయ్, బొలీవార్, ట్రినిడాడ్ లాంటి బ్రాండ్లన్నీ దాని కిందే ఉన్నాయి. మంచి ఆకు ఎక్కువగా పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వుయెల్తా అబాహో ప్రాంతంలో, శాన్ లూయిస్, శాన్ హువాన్ ఇ మార్తీనెస్ ఊళ్ల చుట్టుపక్కల పండుతుంది.

మన వర్జీనియా ఆకులా దాన్ని బ్యారన్‌లో మంట పెట్టి ఆరబెట్టరు. గాలి ఆడే పాకల్లో కర్రలకు గుచ్చి వేలాడదీస్తారు. నెమ్మదిగా ఆరిన తర్వాత గుట్టలుగా పేర్చి మాగబెడతారు. పైన చుట్టే ఆకు కోసం పెంచే మొక్కలకు తోటంతా పల్చటి గుడ్డ పందిరి వేసి ఎండ తగ్గిస్తారు. చుట్టేవాళ్లను తోర్సెదోర్ అంటారు. వాళ్ల చేతిలో ఛవేతా అనే అర్ధచంద్రాకారపు కత్తి ఒకటి ఉంటుంది, పనంతా దాదాపు దాంతోనే. పని జరుగుతున్నంతసేపూ ఒకరు పైన కూర్చుని పేపరో నవలో గట్టిగా చదివి వినిపిస్తారు. 19వ శతాబ్దం నుంచి వస్తున్న అలవాటు ఇది. నకిలీ పెట్టె చేతికొచ్చినప్పుడల్లా నాకు ముందు ఆ చుట్టేవాళ్లే గుర్తొస్తారు. వాళ్ల చేతి పనికి వచ్చిన పేరునే ఎవరో దొంగిలిస్తున్నారు.

నకిలీలు ఇంత ఎక్కువగా ఎందుకున్నాయి?

ధర, కొరత. ఈ రెండూ ఈమధ్య బాగా పెరిగాయి. 2022లో కొహిబా, ట్రినిడాడ్ ధరలను ప్రపంచమంతటా దాదాపు ఒకే స్థాయికి తెచ్చారు. అంతకుముందు స్పెయిన్‌లోనో క్యూబాలోనో తక్కువకు దొరికేవి ఒక్కసారిగా బాగా ప్రియమయ్యాయి. లక్ష రూపాయలు దాటే పెట్టెలు ఇప్పుడు మామూలే. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో ఇయన్ తుఫాను సరిగ్గా పినార్ దెల్ రియో మీద విరుచుకుపడింది. ఆకు ఆరబెట్టే పాకలు వేల సంఖ్యలో నేలమట్టమయ్యాయి. షాపులో సరుకు లేదు, ఉన్నది కొనే ధర కాదు. అలాంటప్పుడు సగం ధరకు ఇస్తానని ఎవరైనా వస్తే మనసు అటే లాగుతుంది.

నకిలీల్లో రకాలు ఉంటాయా?

ఉంటాయి. ఈ తేడా తెలియకే చాలామంది పొరపడతారు. మొదటి రకం వేరే దేశపు ఆకుతో చుట్టి క్యూబా బ్యాండ్ (సిగార్ చుట్టూ ఉండే కాగితపు పట్టీ) తొడిగినది. దీన్ని కాస్త అలవాటున్నవాళ్లు తేలిగ్గానే పట్టుకుంటారు. రెండో రకం క్యూబాలోనే ఎవరి ఇంట్లోనో చుట్టినది. ఆకు క్యూబాదే, చుట్టిన మనిషికీ పని వచ్చే ఉండొచ్చు. పెట్టె, బ్యాండ్, సీల్ మాత్రం బయట ప్రింట్ చేసినవో, ఫ్యాక్టరీ నుంచి తప్పించి తెచ్చినవో. టెన్షన్ పెట్టేది ఈ రెండో రకమే. వాసన చూస్తే క్యూబా వాసనే వస్తుంది, నమ్మేస్తాం. మూడోది అసలు పెట్టెలో నకిలీ సరుకు. ఖాళీ అయిన ఒరిజినల్ పెట్టెలు కొని నింపేవాళ్లున్నారు.

అమెరికా షాపులో కొహిబా చూశాను. అది నకిలీనా?

కాదు. ఒకే పేరుతో రెండు వేర్వేరు కంపెనీల సరుకు ఉంది. 1962 నుంచి అమెరికాలో క్యూబా సరుకుపై నిషేధం ఉండటంతో, అక్కడ కొహిబా, మోంతెక్రిస్తో, రోమియో ఇ జూలియెతా లాంటి పేర్లతో వేరే కంపెనీలు డొమినికన్ రిపబ్లిక్ వంటి చోట్ల చేయించి అమ్ముతున్నాయి. అది అక్కడ చట్టబద్ధమైన వ్యాపారమే. అమెరికా కొహిబాల్లో బాగా తెలిసినదానికి పేరులోని "ఓ" అక్షరం మధ్యలో ఎర్ర చుక్క ఉంటుంది. దాన్ని తెచ్చి ఇక్కడ "క్యూబాది" అని చెప్పి అమ్మితే అది మోసం. సిగార్ నకిలీది కాదు, చెప్పిన మాట అబద్ధం.

గాజు మూత ఉన్న పెట్టె వచ్చింది. చాలా అందంగా ఉంది.

నకిలీ. ఇంకేమీ చూడనక్కర్లేదు. పైన గాజు గానీ, పారదర్శకమైన ప్లాస్టిక్ గానీ ఉన్న పెట్టెల్లో క్యూబా సిగార్లు రావు. మెక్సికో, డొమినికన్ బీచ్ రిసార్టుల దగ్గర పర్యాటకుల కోసం తయారయ్యే సరుకు ఇది.

మొదట దేన్ని చూడాలి?

ఎక్కడ కొన్నారో చూడాలి. సీల్, బ్యాండ్, బార్‌కోడ్ అన్నీ దాని తర్వాతే. లా కాసా దెల్ హబానో అనే పేరుతో చాలా దేశాల్లో అధికారిక ఫ్రాంచైజీ షాపులున్నాయి. మొదటిది 1990లో మెక్సికోలోని కాంకూన్‌లో తెరిచారు. అవి కాకుండా ఒక్కో ప్రాంతానికి ఒక అధికారిక పంపిణీదారు ఉంటారు. బ్రిటన్‌కు హంటర్స్ అండ్ ఫ్రాంకావ్, ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పసిఫిక్ సిగార్ కంపెనీ, గల్ఫ్ దేశాలకు ఫినీషియా. మీరు కొన్న షాపుకి సరుకు వాళ్ల నుంచే వస్తోందా అని అడగండి. నిజమైన షాపువాడు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు, బిల్లు తీసి చూపిస్తాడు.

ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెడితే కొరియర్‌లో పంపుతానన్నవాడిని, "మా కజిన్ కస్టమ్స్‌లో ఉన్నాడు" అన్నవాడిని ఫోన్‌పే నొక్కకముందే వదిలేయండి.

ఆకుపచ్చ సీల్ ఉంటే చాలు కదా?

చాలదు. అయినా దాన్ని చూడటం నేర్చుకోవాలి. క్యూబా ప్రభుత్వ హామీ ముద్ర వందేళ్ల పైబడిన సంప్రదాయం. ఆకుపచ్చ రంగులో, క్యూబా రాజముద్రతో పెట్టె ముందు భాగాన అతికించి ఉంటుంది. 2010 ప్రాంతం నుంచి వచ్చిన కొత్త సీల్‌లో మెరిసే హోలోగ్రామ్ పట్టీ, బార్‌కోడ్‌తో కూడిన నంబరు చేరాయి.

భూతద్దం పెట్టి చూడండి. అసలు సీల్‌లో సన్నటి గీతలు విడివిడిగా, పదునుగా కనిపిస్తాయి. మన నోటు మీద ఉండే సన్న గీతల్లాంటి పని అది. నకిలీలో ఆ గీతలు చుక్కలుగా విడిపోయి ఉంటాయి, రంగు అలుక్కుని ఉంటుంది, అక్షరాల అంచులు మెత్తబడి ఉంటాయి. హోలోగ్రామ్‌ను వెలుగులో అటూ ఇటూ వంచితే బొమ్మ మారాలి. ఉత్త వెండి కాగితంలా ఒకే మెరుపు మెరిసి ఊరుకుంటే అనుమానించాలి.

పెట్టె మూతకి పైన కుడి మూలలో ఐమూలగా "హబానోస్" అని రాసిన ఇంకో పట్టీ ఉంటుంది. ఇది 1994 నుంచి ఉంది. వంకరగా, బుడగలు బుడగలుగా, జిగురు బయటికి కారేలా అతికించి ఉంటే పనితనం ఫ్యాక్టరీది కాదని అర్థం.

బార్‌కోడ్ నంబరు హబానోస్ వెబ్‌సైట్‌లో కొట్టాను. సరైనదేనని వచ్చింది. ఇంకేం కావాలి?

ఆ నంబరు వాళ్ల జాబితాలో ఉందని మాత్రమే దానికి అర్థం. మీ చేతిలో ఉన్న పెట్టె ఆ నంబరు పెట్టేనా అన్నది వెబ్‌సైట్‌కు తెలియదు. నకిలీ చేసేవాడు ఒక అసలు పెట్టె నంబరు తీసుకుని వంద సీల్స్ మీద అదే ముద్రించగలడు. అమ్మేవాడి దగ్గర ఒకే రకం పెట్టెలు రెండు మూడుంటే అన్నిటి నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మీద ఒకే నంబరుంటే అక్కడితో ఆట కట్టు. నంబరు జాబితాలో లేదని వస్తే మాత్రం ఇక ఆలోచించొద్దు, తిప్పి ఇచ్చేయండి.

పెట్టె అడుగున ఏం ఉండాలి?

నాకు అన్నిటికంటే నచ్చే చోటు ఇదే. తొందరలో ఉన్న నకిలీగాడు అడుగు భాగం మీద పెద్దగా శ్రద్ధ పెట్టడు.

మూడు మాటలు చెక్క మీద వేడి అచ్చుతో కాల్చి ఉంటాయి. మొదటిది సంస్థ పేరు హబానోస్ ఎస్.ఏ. రెండోది "ఎచో ఎన్ కూబా", అంటే క్యూబాలో తయారైంది అని. మూడోది "తొతాల్మెంతే ఆ మానో", పూర్తిగా చేత్తో చేసింది అని. ఈమధ్య పెట్టెల్లో దీని పక్కనే "త్రిపా లార్గా" అనో "త్రిపా కోర్తా" అనో ఉంటుంది. మొదటిదాని అర్థం లోపల పొడవు ఆకు ఉందని, రెండోదాని అర్థం తరిగిన ఆకు ఉందని. కళ్లు మూసుకుని బొటనవేలి గోరు ఆ అక్షరాల మీద నడిపించండి. గోరు పల్లంలోకి దిగాలి. నున్నగా జారిపోతే అది సిరాతో వేసిన ముద్రే.

వీటి పక్కన సిరాతో కొట్టిన చిన్న ముద్ర ఇంకొకటి ఉంటుంది. అందులో ఒక లైనులో ఫ్యాక్టరీ గుర్తుగా కొన్ని అక్షరాలు, ఇంకో లైనులో నెల, సంవత్సరం ఉంటాయి. నెల స్పానిష్‌లో ఉండాలి. జనవరిని ఎనేరో అంటారు, ఏప్రిల్‌ను అబ్రిల్, ఆగస్టును అగోస్తో, డిసెంబరును దిసియెంబ్రె. ఆ మాటల మొదటి మూడక్షరాలే ముద్రలో కనిపిస్తాయి. జనవరికి ఇంగ్లిష్ అక్షరాలు కొట్టిన పెట్టె ఫొటో ఒకసారి నా దగ్గరికి వచ్చింది. దాన్ని అమ్మినవాడికి స్పానిష్ క్యాలెండరు కూడా తెలియదన్నమాట.

"1995 నాటి పాత పెట్టె" అంటున్నారు. తేదీల్లో మోసం పట్టుకోవచ్చా?

బాగా పట్టుకోవచ్చు. తేదీలు ఒకదానితో ఒకటి పొంతన కుదరాలి. హబానోస్ ఎస్.ఏ. 1994లో పుట్టింది కాబట్టి 1980ల నాటిదని చెప్పే పెట్టె అడుగున ఆ పేరు ఉండే వీల్లేదు. "తొతాల్మెంతే ఆ మానో" ముద్ర 1989 నుంచే మొదలైంది. హోలోగ్రామ్, బార్‌కోడ్ ఉన్న సీల్‌తో 1995 నాటి పెట్టె ఉండదు. కొహిబాలో సిగ్లో 1 నుంచి 5 దాకా రకాలు 1992లో వచ్చాయి, సిగ్లో 6 మాత్రం 2002లో వచ్చింది. కాబట్టి "1995 సిగ్లో 6" అనేది లోకంలోనే లేదు. కొహిబా బెహీకె బీహెచ్‌కే వరస 2010లో వచ్చింది.

పాత పెట్టెల్లో ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. 1985 నుంచి దాదాపు 1998 దాకా తేదీని అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాసేవారు. "నివెలాకుసో" (NIVELACUSO) అనే పది ఇంగ్లిష్ అక్షరాల మాట తీసుకుని, మొదటి తొమ్మిది అక్షరాలను 1 నుంచి 9 దాకా, చివరి అక్షరాన్ని సున్నాగా లెక్కపెట్టేవారు. ఆ మాటలో లేని అక్షరం తేదీ ఉండాల్సిన చోట కనిపిస్తే ఆ పెట్టెను నమ్మలేం.

బ్యాండ్ మీద ఏం గమనించాలి?

ఎక్కువ నకిలీలు కొహిబావే కాబట్టి దాని గురించే చెప్తాను. పైన నల్లటి భాగంలో చిన్న తెల్ల చదరపు చుక్కలు వరసలుగా ఉంటాయి, మధ్యలో తెల్లటి పట్టీ మీద పేరు, కింద పసుపు రంగు. నకిలీలో చుక్కల వరస అంచు దగ్గర సగానికి తెగిపోయి ఉంటుంది. కాగితం కత్తిరించినవాడికి ఆ వరస ఎక్కడ ఆగాలో తెలియదు. వరసలు సమంగా ఉండవు, ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటాయి. అసలు బ్యాండ్‌లో అక్షరాలు కాగితం మీంచి కొద్దిగా ఉబ్బి ఉంటాయి, వేలికి తగులుతాయి. కింద పసుపు రంగు నకిలీల్లో కమలాపండు రంగులోకో, నిమ్మపండు రంగులోకో జరిగిపోతుంది. ఈమధ్య బ్యాండ్లకు హోలోగ్రామ్ కూడా కలిపారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. బ్రాండ్ల బ్యాండ్లు కాలంతో మారుతుంటాయి. మోంతెక్రిస్తో బ్యాండ్‌కు 2013లో బంగారు రంగు అంచు చేరింది. అంతకుముందు పెట్టెలో అది లేదని నకిలీ అనేస్తే తప్పు చేసినట్టే. పెట్టె అడుగు తేదీ చూసి, ఆ తేదీకి తగిన బ్యాండేనా అని సరిచూసుకోవాలి.

"ఎదిసియోన్ లిమితాదా" (పరిమితంగా చేసినవి) అనే రెండో బ్యాండ్ ఉన్నవి 2000 నుంచి వస్తున్నాయి. నలుపు, బంగారు రంగుల్లో ఉంటుంది, దాని మీద సంవత్సరం రాసి ఉంటుంది. ఆ ఏడాదికి ఆ బ్రాండ్‌లో ఏ సైజు విడుదలైందో ఇంటర్నెట్‌లో చూస్తే నిమిషంలో తెలుస్తుంది.

పెట్టె తెరిచాక?

ముందు దూరం నుంచి మొత్తాన్ని ఒకసారి చూడండి. ఫ్యాక్టరీలో రంగులు వేరుచేయడానికే ప్రత్యేకంగా మనుషులున్నారు. ముదురు రంగు సిగార్ ఎడమ నుంచి మొదలై కుడి వైపు వెళ్లేకొద్దీ రవ్వంత లేతగా మారుతుంది. మన గ్రేడింగ్ షెడ్డులో ఆకు రంగును బట్టి కుప్పలు వేసేవాళ్ల కన్ను ఎలాంటిదో తెలిసినవారికి ఈ పని విలువ తెలుస్తుంది. ఒక పెట్టెలో పక్కపక్కనే ఒకటి కాఫీ రంగులో, ఒకటి గడ్డి రంగులో ఉంటే ఆ కన్ను దాని మీద పడలేదనే అర్థం.

బ్యాండ్లన్నీ ఒకే ఎత్తులో, ముందు భాగం పైకి చూస్తూ గీత గీసినట్టుండాలి. తలల చివర, అంటే నోట్లో పెట్టుకునే వైపు, టోపీలా అతికించిన ఆకు ముక్క నున్నగా, కొద్దిపాటి వలయాలతో కనిపిస్తుంది. పాదం దగ్గర, అంటే ముట్టించే వైపు, కోత శుభ్రంగా ఉండాలి. మూత తీయగానే దేవదారు చెక్క, మాగిన ఆకు కలిసిన వాసన రావాలి. ఉత్త జిగురు వాసన వస్తే జాగ్రత్త పడండి.

సైజు కొలవడం నిజంగా పనికొస్తుందా?

చాలా పనికొస్తుంది. అయినా దీన్ని ఎవరూ వాడరు. ప్రతి సిగార్‌కు పొడవు, మందం ఖాయంగా ఉంటాయి. మందాన్ని అంగుళంలో 64వ వంతు లెక్కన చెప్తారు. 52 అంటే 64లో 52 వంతులు, దాదాపు 20.6 మిల్లీమీటర్లు.

కొన్ని గుర్తుంచుకోండి. కొహిబా ఎస్ప్లెందిదోస్ 178 మిల్లీమీటర్లు, మందం 47. కొహిబా రోబుస్తో 124 మిల్లీమీటర్లు, మందం 50. కొహిబా సిగ్లో 6 పొడవు 150, మందం 52. కొహిబా లాన్సెరోస్ 192 మిల్లీమీటర్ల పొడవుతో సన్నగా 38 మందం ఉంటుంది, తల చివర ఆకును మెలిపెట్టి చిన్న పిలకలా వదిలేస్తారు. మోంతెక్రిస్తో నంబర్ 4 పొడవు 129, మందం 42. మోంతెక్రిస్తో నంబర్ 2 తల వైపు కోసుగా సన్నబడుతుంది, 156 పొడవు, 52 మందం. స్కేలు పెడితే చేతి పనిలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావచ్చు. సెంటీమీటరు తేడా రాదు. లాన్సెరోస్‌కు పిలక లేకపోయినా, ఎస్ప్లెందిదోస్‌కు పిలక ఉన్నా తప్పే. బీహెచ్‌కే బెహీకె పది సిగార్ల పెట్టెలోనే వస్తుంది. పాతిక ఉన్న పెట్టె చూపిస్తే ఇక మాట్లాడేదేముంది?

ఒకటి కోసి చూస్తే తెలుస్తుందా?

ఇది చివరి పరీక్ష, చాలావరకు నమ్మదగిన పరీక్ష. బావగారు తెచ్చిన పెట్టె సంగతి ఇలాగే బయటపడింది. పెట్టె బాగానే ఉంది, సీల్ కూడా ఉంది. నాన్న ఒక సిగార్ చేతిలో తిప్పి, రెండు వేళ్ల మధ్య నొక్కి, "మధ్యలో గుల్లగా ఉందిరా, చివర గట్టిగా ఉంది" అన్నారు. బ్లేడుతో నిలువునా చీల్చారు. పేపరు మీద ముక్కలు రాలిపడ్డాయి. గోరంత ముక్కలు, పొట్టు, ఎండిన కాడ తునకలు. ఒక లావుపాటి ఈనె అలాగే ఉంది, తీయనే లేదు. నాన్న ఆ ముక్కల్ని వేలితో రుద్ది, "షెడ్డు ఊడ్చి పోసిన సరుకిది" అన్నారు. బావగారు ఏమీ అనలేదు.

అసలు కొహిబాలో ఏముంటుందంటే, లోపల పొడవాటి ఆకులు తల నుంచి పాదం దాకా మడతలు పడి ఉంటాయి. విప్పితే జానెడు పొడవు ముక్కలుగా వస్తాయి. వాటిలో రుచికి ఒకటి, ఘాటుకు ఒకటి, బాగా కాలడానికి ఒకటి అని వేర్వేరు ఎత్తుల్లో కోసిన ఆకులు కలిపి ఉంటాయి. వాటి చుట్టూ కట్టి ఉంచే ఆకు ఒకటి, దానిపైన నున్నటి పై ఆకు. మధ్య ఈనె ముందే తీసేసి ఉంటారు.

ఇక్కడొక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. హోసె ఎల్. పియెద్రా, కింతెరో లాంటి చవక బ్రాండ్లలో తరిగిన ఆకే వాడతారు, అది పెట్టె మీద "త్రిపా కోర్తా" అని రాసి మరీ అమ్ముతారు. గ్వాంతనామెరా మెషిన్ మీద చేస్తారు. అవి నకిలీలు కావు.

తెల్ల బూడిద వస్తే అసలుదని అంటారు, నిజమేనా?

నిజం కాదు. బూడిద రంగు నేలను బట్టి, ఎరువును బట్టి మారుతుంది. ఎక్కువసేపు రాలకుండా నిలబడటం పొడవు ఆకు గుర్తే కానీ క్యూబా గుర్తు కాదు. నికరాగువా సిగార్ కూడా అలాగే నిలబడుతుంది. రుచి చూసి చెప్పేస్తానన్నవాళ్ల మాట కూడా పూర్తిగా నమ్మొద్దు. పాడైన అసలు సిగార్ చేదుగా ఉంటుంది, ఇంట్లో చుట్టిన నకిలీ బాగానే ఉండొచ్చు.

పై ఆకు మీద సన్న రంధ్రాలున్నాయి.

పొగాకు పురుగు తొలిచింది. మన గోడౌన్లలో వచ్చే పురుగే. 2000ల మధ్య నుంచి క్యూబాలో పెట్టెలను బాగా చల్లటి గదుల్లో గడ్డకట్టించి పురుగు గుడ్లు చంపి పంపుతున్నారు. అయినా వేడిగా ఉన్న చోట నిల్వ పెడితే పురుగు రావచ్చు. ఇది ఒక్కటే నకిలీకి రుజువు కాదు, నిల్వ బాగాలేదని మాత్రం చెప్తుంది. ఆ పెట్టెను మిగతావాటి పక్కన ఉంచొద్దు.

హవానా వీధుల్లో "ఇవాళ సహకార సంఘం పండగ, సగం ధర" అంటున్నారు. కొనొచ్చా?

కొనొద్దు. మా బావగారు పడింది ఇక్కడే. వీధిలో చక్కగా ఇంగ్లిష్ మాట్లాడే కుర్రాడు పలకరించాడు, ఇండియా అనగానే ఏదో సినిమా పేరు చెప్పి నవ్వించాడు. ఫ్యాక్టరీ కార్మికులకు నెలలో ఈ ఒక్కరోజే అమ్ముకునే హక్కుందని చెప్పాడు. మెట్లెక్కించి ఒక ఇంట్లోకి తీసుకెళ్తే మంచం కింద నుంచి పెట్టెలు తీశారు. అలాంటి రోజేదీ లేదు. ప్రతి పర్యాటకుడికీ ప్రతిరోజూ అదే "ఈ ఒక్కరోజు".

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు రోజూ కొన్ని సిగార్లు కాల్చుకోవడానికి ఇవ్వడం నిజమే. వాటికి సీల్ పెట్టె, ప్రభుత్వ ముద్ర రావు. అక్కడ కొనాలంటే ప్రభుత్వ షాపుల్లో కొని, రసీదు పాస్‌పోర్ట్‌తో పాటు దాచుకోండి. విమానాశ్రయంలో అడగొచ్చు.

పినార్ దెల్ రియోలోని విన్యాలేస్‌లో ఒక రైతు బ్యాండ్ లేని సిగార్లు అమ్మాడు. అవీ నకిలీలేనా?

కావు. రైతు పంటలో ఎక్కువ భాగం ప్రభుత్వానికి ఇచ్చి, కొంత తన దగ్గర ఉంచుకుంటాడు. దానితో చుట్టి, పేరేమీ పెట్టకుండా, తాటాకులాంటి పట్టలో చుట్టి ఇస్తాడు. "ఇది నా తోట ఆకు" అంటాడు. అది నిజాయితీ గల సరుకు. మన గోదావరి లంకల రైతు ఇంటికి వాడుకునే చుట్ట లాంటిదే. దానికే కొహిబా బ్యాండ్ తొడిగి పదిరెట్లు అడిగితే అప్పుడది మోసం.

ఇండియాకు ఎన్ని తెచ్చుకోవచ్చు? ఇక్కడ కొంటే ఏం చూడాలి?

విదేశాల నుంచి వచ్చే పెద్దవారికి సుంకం లేకుండా 25 సిగార్లు, లేదా 100 సిగరెట్లు, లేదా 125 గ్రాముల పొగాకు తెచ్చుకునే పరిమితిని 2016 బ్యాగేజీ నియమాలు పెట్టాయి. ఈ మూడింటిలో ఒకటి మాత్రమే. ప్రయాణానికి ముందు కస్టమ్స్ సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ఇక్కడ షాపులో అమ్మే పెట్టె మీద మన చట్టం ప్రకారం 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలి. అది లేకుండా హైదరాబాద్‌లో షాపులో దొరికే పెట్టె దొడ్డిదారిన వచ్చినదే. దొడ్డిదారిన వచ్చినదంతా నకిలీ కాదు, కానీ రేపు తేడా వస్తే అడగడానికి మీ చేతిలో బిల్లు ఉండదు.

అమెరికాలో ఉంటాను. క్యూబా వెళ్లొస్తూ రెండు తెచ్చుకోవచ్చా?

కుదరదు. 2014 తర్వాత కొంతకాలం సడలింపు ఇచ్చారు, 2020 సెప్టెంబరులో దాన్ని తీసేశారు. లండన్‌లోనో దుబాయ్‌లోనో కొన్నా సరే, క్యూబా సరుకైతే అమెరికా ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. వీసా మీద ఉన్నవాళ్లు ఈ రిస్క్ అసలు తీసుకోవద్దని నా గట్టి మాట.

ఖరీదైన సిగార్, అందులోనూ అసలుది. సిగరెట్, చుట్ట కంటే నయమే కదా?

నయం కాదు. పొగ లోపలికి పీల్చకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే అమ్మమ్మల అంగిట్లో వచ్చే పుండ్లను చూసినవారికి పొగాకు నోటిని ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. అసలుదైనా నకిలీదైనా ఆ విషయంలో తేడా లేదు. నకిలీలో ఏం కలిపారో తెలియదు కాబట్టి ఇంకొంచెం ఎక్కువ భయం. కాల్చని వాళ్లు దీనికోసం మొదలుపెట్టొద్దు. పెళ్లిలో బహుమతిగా ఇస్తున్నాం కాబట్టి ఫర్వాలేదన్న మాట నేను ఒప్పుకోను.

నకిలీ కొన్నానని తెలిసిపోయింది. ఇప్పుడేం చేయాలి?

ముందు పెట్టెను పారేయకండి. సీల్, అడుగు ముద్ర, బ్యాండ్, కోసిన సిగార్ దగ్గరగా, మంచి వెలుతురులో ఫొటోలు తీయండి. కార్డుతో కట్టి ఉంటే మీ బ్యాంకులో వెంటనే ఫిర్యాదు చేయండి, ఆలస్యమైతే డబ్బు తిరిగి రావడం కష్టం. షాపులో కొనుంటే బిల్లుతో వెళ్లి నెమ్మదిగా, గట్టిగా అడగండి. ఇక్కడి షాపు అయితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు మీకుంది. ఆ ప్రాంతపు అధికారిక పంపిణీదారుకు ఫొటోలు పంపితే కొన్నిసార్లు వాళ్లే చూసి చెప్తారు.

ఆ పెట్టెను ఇంకొకరికి మాత్రం ఇవ్వకండి, తక్కువ ధరకు కూడా. మా ఇంట్లో మిగిలిన ఇరవై నాలుగు సిగార్లూ నాన్న బ్యాండ్లు చింపి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పెరట్లో బెండ మొక్కల ఆకుల కింద చేరిన పేను మీద చల్లారు. పెట్టె మాత్రం బావగారు ఉంచుకున్నారు. అందులో ఇప్పుడు మా అక్క సూదులు, దారాలు పెట్టుకుంటోంది.